మామునూరు రన్‌వే మీద దిగాలంటే



జనగామలో గానీ, మానుకోటలో గానీ, భూపాలపల్లిలో గానీ ఆరుబయట నిలబడి తలెత్తితే విమానం కనిపించకపోదు. కానీ ఎక్కడో పైన, వేలెడంత. దాన్ని దగ్గర నుంచి చూడాలంటే శంషాబాద్ విమానాశ్రయం దాకా పోవాల్సిందే. వరంగల్ పక్కనే మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. అది 1981లో మూతపడింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం చాలాకాలం అడ్డుపడింది. ఆ అడ్డు తొలగి, 2025 ఫిబ్రవరిలో పునరుద్ధరణకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి నిజం విమానం లేచినప్పుడు లేస్తుంది. కంప్యూటరులో మాత్రం ఆ పాత రన్‌వే మీద ఇవాళ సాయంత్రమే దిగే ప్రయత్నం చేయవచ్చు.

ప్రయత్నం అనే అంటున్నాను. ఎందుకంటే కీబోర్డు మీట నొక్కుతూ విమానం దింపడం దాదాపు కాని పని. మీట నొక్కితే నొక్కినట్టు, వదిలితే వదిలినట్టు. మధ్య మెట్టు లేదు. విమానానికి కావలసిందే ఆ మధ్య మెట్టు. ముక్కు పైకీ కిందికీ, రెక్క ఇటూ అటూ, తోక కుడికీ ఎడమకూ, ఇంజను శక్తి ఎక్కువా తక్కువా. ఈ నాలుగింటినీ వెంట్రుకవాసి తేడాలతో, ఒకేసారి, రెండు చేతులూ రెండు కాళ్లూ కలిసి నడపాలి. అందుకే ఇంట్లో విమానం నడిపేవాళ్లు జాయ్‌స్టిక్కో, కారు స్టీరింగులా పట్టుకునే యోకో, కాళ్ల కింద తోకను తిప్పే రడ్డర్ పెడళ్లో పెట్టుకుంటారు. ఆ పరికరాలను మన దగ్గర దొరికే సామానుతో ఎట్లా కట్టుకోవచ్చో, కట్టాక ఎట్లా శ్రుతి చేయాలో ఇవాళ చెబుతాను. కట్టడానికి రెండు ఆదివారాలు చాలు. శ్రుతి చేయడమే అసలు పని, నా మాటల్లో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ముందు ఒక పాత కథ. నేలమీద కూర్చోబెట్టి విమానం నేర్పే యంత్రాన్ని అందరికీ పనికొచ్చేలా తయారుచేసినవాడు ఎడ్విన్ లింక్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, బింగమ్టన్ ఊరు. వాళ్ల నాన్నది ఆర్గాన్లు, తమంతట తాము వాయించుకునే పియానోలు తయారుచేసే కర్మాగారం. గాలి తిత్తులు, గొట్టాలు, కవాటాలు చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. విమానం నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు తగ్గించాలని, 1929లో ఆ తిత్తుల మీదే ఒక చెక్క పెట్టెను నిలబెట్టాడు. లోపల కూర్చుని కర్ర కదిపితే తిత్తుల్లోకి గాలి వచ్చిపోయి పెట్టె అటూ ఇటూ ఒరుగుతుంది. మొదట్లో దాన్ని కొన్నది వైమానిక దళం కాదు, వినోదాల పార్కులు. జనం టికెట్టు కొని ఎక్కి ఊగేవారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగిస్తే, మబ్బుల్లో, మంచులో దారి తప్పి పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు గాని లింక్ పెట్టె విలువ తెలిసిరాలేదు. సైన్యం మొదట ఆరు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి దాదాపు అయిదు లక్షల మంది ఆ నీలం పెట్టెలో శిక్షణ పొందారు.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది వేరే ఉంది. లింక్ పెట్టెలో తెర లేదు. పైన మూత వేసేవారు. బయట ఆకాశం లేదు, నేల లేదు, చీకట్లో నాలుగు మీటర్లు, చేతిలో కర్ర, కాళ్ల కింద పెడళ్లు. అంతే. బొమ్మ ఒక్కటి కూడా చూపకుండా అన్ని లక్షల మంది చేతులకు అది విమానం నేర్పింది. ఇవాళ మన పిల్లలు గ్రాఫిక్స్ కార్డుకు యాభై వేలు పెట్టడానికి సిద్ధపడతారు. మబ్బు నిజం మబ్బులా కనిపించాలి, చెరువు నీళ్లు మెరవాలి. చేతిలో పట్టుకునేదాని దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అంటారు. నన్నడిగితే ఖర్చు తిరగబడాలి. తెర కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు, చేతికి అబద్ధం చెప్పే కర్ర మాత్రం పనికిరాదు.

సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా ముగిస్తాను. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఆయన 1979లో ఆపిల్ టూ కంప్యూటరు కోసం రాసిన ఆటే తర్వాత 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయింది. 2020 ఆగస్టులో అది ఉపగ్రహ చిత్రాలను భూగోళమంతా పరుచుకుని కొత్తగా వచ్చింది. ఆ ఆటకు కనీసం 8 జీబీ ర్యామ్, 150 జీబీ డిస్కు, మంచి ఇంటర్నెట్ కావాలి. అవి లేనివాళ్లకు ఫ్లైట్‌గేర్ ఉంది. పూర్తిగా ఉచితం, దాని లోపలి కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు, పాత కంప్యూటరు మీదా నడుస్తుంది. నేను చెప్పబోయే కర్ర రెండింటికీ సరిపోతుంది.

ఇక సామాను. కదలికను అంకెగా మార్చే ఒక చిన్న వస్తువు ఉండాలి. రెండు రకాలున్నాయి. ఒకటి పొటెన్షియోమీటర్, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే బిళ్ల వెనక ఉండేది. లోపల కార్బన్ పూత మీద ఒక లోహపు నాలుక జారుతుంటుంది. దుకాణంలో పది కిలో ఓమ్‌ల లీనియర్ కావాలని అడగండి. లాగ్ రకం ఇస్తే తీసుకోకండి, అది చెవి కోసం చేసింది, చేతికి పనికిరాదు. ఈ రకంతో చిక్కేమిటంటే రోజూ రాపిడి తిని మధ్యభాగం అరుగుతుంది. కర్ర ఎక్కువసేపు ఉండేది మధ్యలోనే కనుక అరిగేదీ అక్కడే. కొన్నాళ్లకు మనం ముట్టుకోకపోయినా విమానం చిన్నగా ఉలిక్కిపడుతుంటుంది. పాత జాయ్‌స్టిక్కుల జబ్బు ఇదే.

రెండోది హాల్ సెన్సర్. అయస్కాంతం దగ్గరికి వస్తే ఒక రకంగా, దూరం పోతే ఇంకో రకంగా వోల్టేజి ఇస్తుంది. ఎడ్విన్ హాల్ అనే శాస్త్రవేత్త 1879లో కనిపెట్టిన ధర్మం మీద పనిచేస్తుంది. ఏదీ దేన్నీ తాకదు, కనుక అరగదు. ఇది ఎక్కడో హైదరాబాద్ కోఠీలో, గుజరాతీ గల్లీలో మాత్రమే దొరికే వస్తువు అనుకోనవసరం లేదు. మన వీధుల్లో తిరిగే కరెంటు స్కూటర్ల హ్యాండిల్‌లో యాక్సిలరేటర్ ఇదే. కరెంటు ఆటోల్లో కాలి కింద ఉండే పెడల్ కూడా చాలావరకు ఇదే. జనగామలోనూ మానుకోటలోనూ కరెంటు బండ్లు బాగుచేసే మెకానిక్ దగ్గర పాత యాక్సిలరేటర్లు మూలన పడి ఉంటాయి. అందులోంచి మూడు తీగలు వస్తాయి. అయిదు వోల్టులది ఒకటి, ఎర్తుది ఒకటి, సంకేతం ఇచ్చేది ఒకటి. వదిలేసినప్పుడు సంకేతం సుమారు 0.8 వోల్టులు, పూర్తిగా తిప్పినప్పుడు నాలుగు వోల్టుల పైచిలుకు. చేతిది ఇంజను శక్తి పెంచి తగ్గించే థ్రాటిల్‌కు బాగుంటుంది. అయితే లోపల వెనక్కి లాగే స్ప్రింగును తీసేయాలి, విమానం థ్రాటిల్ పెట్టిన చోట ఉండాలి కదా. కాలి పెడళ్లు రెండు దొరికితే బ్రేకులకు వాడుకోండి, వాటి స్ప్రింగు మాత్రం ఉండనివ్వండి.

ఈ సంకేతాన్ని కంప్యూటరుకు చేర్చేది ఒక చిన్న బోర్డు. ఇక్కడ చాలామంది ఆర్డునో ఊనో కొంటారు, పుస్తకాల్లో అదే కనిపిస్తుంది గనుక. దాన్ని కంప్యూటరు జాయ్‌స్టిక్‌గా నేరుగా గుర్తించదు. లియొనార్డో గానీ, దాని తమ్ముడు ప్రో మైక్రో గానీ తీసుకోవాలి. వాటి మీద ఉండే ఏటీమెగా 32యూ4 అనే చిప్పు తానే యూఎస్‌బీ మాట్లాడుతుంది. విండోస్ దాన్ని గేమ్ కంట్రోలర్‌గా చూస్తుంది, వేరే డ్రైవర్ అక్కర లేదు. జాయ్‌స్టిక్ కోసం రాసిపెట్టిన లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది, ఇంటర్ చదివే పిల్లలు చదువుకుని ఎక్కించగలరు. తల్లిదండ్రులకు ఒక మాట. ఇదంతా యూఎస్‌బీ తీగలోంచి వచ్చే అయిదు వోల్టుల మీద నడిచేది. షాక్ కొట్టే ప్రమాదం లేదు. బండి బ్యాటరీ జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి.

ఈ బోర్డు సున్నా నుంచి అయిదు వోల్టుల దాకా ఉన్న దూరాన్ని 1024 మెట్లుగా కోస్తుంది. ఇందాకటి స్కూటర్ యాక్సిలరేటర్‌ను తగిలిస్తే వదిలినప్పుడు సుమారు 160, పూర్తిగా తిప్పితే 850 దాటి చూపిస్తుంది. అంటే 1024 మెట్లలో మనకు దక్కేవి ఏడువందలే. ఫరవాలేదు, ఏడువందలు చాలు. కాకపోతే ఆ అడుగు అంకె, ఆ పై అంకె ప్రోగ్రాములో రాయాలి. రాయకపోతే థ్రాటిల్ పూర్తిగా మూసినా ఇంజను కొంత లాగుతూనే ఉంటుంది, రన్‌వే మీద విమానం ఆగదు.

చట్రం విషయానికి వద్దాం. యోక్ ముందుకూ వెనక్కూ జరగాలి, కుడి ఎడమలకు తిరగాలి. జరగడానికి వడ్రంగులు టేబుల్ సొరుగులకు బిగించే బాల్ బేరింగ్ చానెల్ కన్నా మంచిది నాకు కనిపించలేదు. పన్నెండు అంగుళాలవి ఒక జత హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. తిరగడానికి సీలింగ్ ఫ్యాన్లలో వాడే 6202 బేరింగులు రెండు. లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 35. మోటార్ వైండింగ్ షాపుకు పోతే ఎంత పెద్ద ఇరుసు పడుతుందో ఆ మేస్త్రీయే చూసి చెబుతాడు. బావి మోటార్లు బాగుచేసి చేసి జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో ఆ పనివాళ్లకు ఇరుసు, బేరింగు, వదులు, బిగువు అన్నీ వేళ్ల కొసలకే తెలుసు. బేరింగు రెండు వైపులా పట్టాలి, ఒక్కదానితో సరిపెడితే ఇరుసు వణుకుతుంది.

రడ్డర్‌కు చాలామంది గొలుసులు, కప్పీలు, ఏవేవో గీస్తారు. అవేవీ వద్దు. తొలినాటి విమానాల్లో ఉన్నది ఒక అడ్డ కర్ర. నడుమ ఇరుసు, రెండు చివర్ల రెండు పాదాలు. కుడికాలు ముందుకు తోస్తే ఎడమకాలు దానంతటదే వెనక్కి వస్తుంది. ఒక టేకు చెక్క, ఒక బేరింగు, ఒక సెన్సర్, పని అయిపోయింది. ఇది లేకుండా యోక్ ఒక్కటే పెట్టుకుంటే సగం విమానమే నడిపినట్టు. సెస్నా 172 అనే చిన్న విమానంలో పూర్తి శక్తి ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది. ప్రొపెల్లర్ తిరిగే దిశ వల్ల అట్లా అవుతుంది. కుడికాలు నొక్కడం అలవాటు కాకపోతే లేచేలోపే రన్‌వే పక్క గడ్డిలో ఉంటాం.

ఇక మీటల ప్యానెల్. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. రేకును ఉలితో, సుత్తితో మాట వినేలా చేసే పనివాళ్ల ఊరు. అక్కడ ఇత్తడి రేకు మీద దేవుళ్లూ లతలూ లేపినట్టే, దిగేటప్పుడు రెక్కల వెనక అంచును దించే ఫ్లాపు మీటకు 10, 20, 30 డిగ్రీల గుర్తులు చెక్కించుకోవచ్చు గదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నిజం విమానంలో ఇత్తడి ప్యానెల్ ఉండదు, ఒప్పుకుంటాను. మన ఇంట్లో ఉంటే ఎవరు కాదంటారు?

ఇంతవరకు కట్టడం. ఇప్పుడు శ్రుతి.

మొదటిది మధ్య. చెయ్యి వదిలేస్తే కర్ర ఎక్కడికి వచ్చి నిలుస్తుంది? ప్రతిసారీ అక్కడికే వస్తుందా? కంప్యూటరులో కంట్రోలర్ గుర్తు తెర మీద పెట్టుకుని, కర్రను ఎడమ నుంచి వదిలి ఒకసారి చూడండి, కుడి నుంచి వదిలి ఒకసారి చూడండి. రెండు అంకెలూ ఒకటైతే మీరు అదృష్టవంతులు. సాధారణంగా కావు. ఆ తేడాకు కారణం ప్రోగ్రాములో లేదు, చట్రంలో ఉంది. బేరింగు బిగువో, సెన్సర్ ఇరుసుకు పట్టిన స్క్రూ వదులో, స్ప్రింగు బలం చాలకపోవడమో. ఒక్కో దిక్కుకు రెండు స్ప్రింగులు ఎదురెదురుగా కడతాం. అవి రెండూ ఎప్పుడూ కొంత సాగే ఉండాలి. కర్రను పూర్తిగా ఒకవైపు వంచినా అవతలి స్ప్రింగు వదులు కాకూడదు. అట్లా అయితేనే మధ్య మీదుగా పోతున్నప్పుడు చేతికి ఏ గతుకూ తగలదు. మధ్యలో రెండూ వదులైతే అక్కడ ఒక చచ్చు చోటు పుడుతుంది. కర్ర ఆ చోటులో ఎక్కడైనా నిలుస్తుంది, దానికి మధ్య అంటూ ఉండదు.

ఇట్లాంటి లోపానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక సులువైన ముసుగు ఉంది. డెడ్ జోన్ అంటారు. మధ్యకు అటూ ఇటూ ఇంత శాతం కదిలినా కదలనట్టే లెక్కపెట్టు అని చెప్పడం. రెండు మూడు శాతం ఉంటే ఇబ్బంది లేదు. కొందరు పదిహేను శాతం పెడతారు. దాంతో కర్ర కదిపితే ఏమీ జరగదు, ఇంకా కదిపితే హఠాత్తుగా జరుగుతుంది. సన్నని సవరింపులన్నీ చేయాల్సింది సరిగ్గా ఆ చోటే. డెడ్ జోన్ పెంచాలనిపించిన ప్రతిసారీ ముందు స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోండి.

రెండోది వణుకు. కర్ర ముట్టుకోకపోయినా అంకె 512, 515, 510 అని ఎగురుతుంటే తీగల్లోకి వేరే విద్యుత్తు చొరబడుతోందని అర్థం. సంకేతం తీగను పొడుగ్గా వదలకండి, మోటారు తీగల పక్కన పోనివ్వకండి, సెన్సర్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి సంకేతానికీ ఎర్తుకూ మధ్య పెట్టండి. ఇంకా ఎగురుతుంటే ప్రోగ్రాములో నాలుగైదు కొలతలు తీసుకుని సగటు పంపమని రాయవచ్చు. అక్కడే ఆగాలి. ఏభై కొలతల సగటు తీస్తే అంకె చెక్కినట్టు నిలబడుతుంది, నిజమే. కానీ చెయ్యి కదిపాక విమానం కదలడానికి కాస్త ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. విమానం ఇంకా స్పందించలేదని చెయ్యి మరికొంత లాగుతుంది, అంతలో మొదటి లాగుడు అందుకుంటుంది, ముక్కు ఎక్కువ లేస్తుంది, చెయ్యి కంగారుగా వెనక్కి తోస్తుంది. సైకిల్ కొత్తగా నేర్చుకునేవాడు హ్యాండిల్‌ను అటూ ఇటూ అతిగా తిప్పి పడిపోయినట్టే, విమానం ఊగి ఊగి నేలకు కొట్టుకుంటుంది. నిజం విమానాల్లోనూ ఈ ఊగుడు ఉంది, పైలట్లు దాన్ని చూసి భయపడతారు.

మూడోది వంపు, అంటే సెన్సిటివిటీ కర్వ్. కర్రను సగం వంచితే విమానం రెక్కలోని పలక కూడా సగమే కదలాలా? అట్లా అయితే దాన్ని సరళరేఖ అంటారు. చిన్న జాయ్‌స్టిక్‌లో సరళరేఖ పెడితే మధ్యలో మరీ చురుగ్గా ఉంటుంది. అందుకని వంపు తిప్పుతారు. సగం సరళరేఖ, సగం ఘనం కలిపితే, కర్రను సగం వంచినప్పుడు పలక 31 శాతమే కదులుతుంది. మధ్యలో చురుకు సగానికి తగ్గుతుంది, బాగుంది. కానీ ఏదీ ఊరికే రాదు. ఆ తగ్గించినదంతా చివర్లో వసూలవుతుంది. చివరికి వచ్చేసరికి చురుకు సరళరేఖ కన్నా రెండింతలు, మధ్య కన్నా నాలుగింతలు. ఎదురుగాలి పక్కకు తిరిగి, దిగేముందు యోక్‌ను సగం దాటి తిప్పాల్సి వచ్చినప్పుడు, నిమిషం క్రితం దాకా మెత్తగా ఉన్న విమానం చటుక్కున వేరే విమానం అవుతుంది.

దీనికి నేను ఇష్టపడే మందు వేరే. కర్ర పొడుగు పెంచడం. బల్లమీద పెట్టుకునే జాయ్‌స్టిక్ కర్ర పది సెంటీమీటర్లు ఉండి, ఇరవై డిగ్రీలు వంగుతుందనుకుందాం. చెయ్యి కదిలే దూరం మధ్య నుంచి చివరికి మూడున్నర సెంటీమీటర్లు. మనిషి చేతి వణుకు రెండు మిల్లీమీటర్లు అనుకుంటే అది దాదాపు ఆరు శాతం పొరపాటు. అదే కర్రను నలభై సెంటీమీటర్లు చేసి, నేలమీద నుంచి మోకాళ్ల మధ్యకు వచ్చేలా పెడితే చెయ్యి పద్నాలుగు సెంటీమీటర్లు కదులుతుంది. అదే వణుకు ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. ఇప్పుడు వంపు అక్కర లేదు, సరళరేఖే చాలు. చెయ్యి ఎంత అంటే విమానం అంత. ఒక్క జాగ్రత్త, పొడుగు నాలుగింతలైతే చేతికి తగిలే స్ప్రింగు బలం నాలుగో వంతు అవుతుంది, కాబట్టి స్ప్రింగులు మార్చాలి. సైకిల్ షాపులో స్టాండు స్ప్రింగులు అడిగి చూడండి.

నాలుగోది ట్రిమ్. ఇక్కడ మన కర్ర నిజం విమానంతో ఓడిపోతుంది, ఆ మాట దాచడం దేనికి. సెస్నాలో యోక్‌ను లాగి పట్టుకుని, ట్రిమ్ చక్రం తిప్పుతూ పోతే చేతిమీద బరువు తగ్గుతూ తగ్గుతూ చివరికి పోతుంది. యోక్ మాత్రం లాగిన చోటే ఉంటుంది. అంటే అక్కడ మధ్య జరుగుతుంది. మన స్ప్రింగుకు మధ్య ఒక్కటే. కనుక ట్రిమ్ తిప్పుతున్నంతసేపూ చెయ్యి నెమ్మదిగా వెనక్కి, స్ప్రింగు మధ్యకు తెచ్చుకుంటూ ఉండాలి. రెండు పనులూ ఒకే వేగంతో. ఇది తెలియనివాళ్లు ట్రిమ్ పనిచేయడం లేదని ఆటను తిడతారు. మోటారు పెట్టి మధ్యను జరిపే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పరికరాలు ఉన్నాయి. వాటి ధర వింటే ముందు పొలం గుర్తొస్తుంది.

శ్రుతి సరిగా వచ్చిందో లేదో బల్లమీద తెలియదు, ఎగిరి చూడాలి. నా పరీక్ష దారి చెబుతాను. సెస్నా 172లో శంషాబాద్ నుంచి తూర్పుకు లేచి, ఎడమకు తిరిగి, 60 డిగ్రీల దిశ పట్టుకుని, 5,500 అడుగుల ఎత్తుకు చేరాలి. శంషాబాద్ నేలే సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తు, కాబట్టి మనం నేలకు మూడున్నర వేల అడుగుల మీద ఉంటాం. కాసేపటికి భువనగిరి ఏకశిల గుట్ట ముక్కు కిందికి వస్తుంది. అక్కడ ట్రిమ్ చేసి చెయ్యి తీసేయండి. జనగామ ఎడమ కిటికీలో కనిపించేదాకా ముట్టుకోవద్దు. ఆ లోపు ఎత్తు వంద అడుగులకు మించి మారినా, రెక్క ఒకవైపు వాలినా మధ్య కుదరలేదన్నమాట. మామునూరు అక్కడి నుంచి ఇంకో పావుగంట లోపే. మొత్తం 145 కిలోమీటర్లు, ముప్పావుగంట ప్రయాణం.

రెండో పరీక్ష మానుకోట. మామునూరు నుంచి తూర్పుకు పోయి, కాకతీయుల నాటి పాఖాల చెరువు మీద కుడికి తిరిగి దక్షిణంగా దిగితే మానుకోట వస్తుంది. అక్కడ విజయవాడ నుంచి కాజీపేటకు పోయే రైలు పట్టాలు పట్టుకుని కేసముద్రం, నెక్కొండ మీదుగా తిరిగి రండి. పట్టాలు ఎప్పుడూ ఎడమ రెక్క కింద, ఒకే దూరంలో ఉండాలి. అవి వంగిన చోటల్లా మీరూ కాస్త వంగాలి. రెక్కకూ రడ్డర్‌కూ పొత్తు కుదిరిందో లేదో ఈ దారిలో తేలిపోతుంది. వంగిన ప్రతిసారీ ప్యానెల్‌లో ఉండే చిన్న గోలీ మధ్య గీతలు దాటి జారుతుంటే పాదాలు పని చేయడం లేదు.

భూపాలపల్లి దారి అందమైనది, అందుకే చివరికి ఉంచాను. మామునూరు నుంచి ఉత్తరానికి, కాస్త తూర్పుకు మొగ్గి, అరవై కిలోమీటర్లు. కుడివైపు రామప్ప చెరువు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు, ఆ పక్కన సింగరేణి ఓపెన్‌కాస్టు గని మెట్లు మెట్లుగా. గని చుట్టూ ఒక పూర్తి వలయం తిరగండి. ముప్పై డిగ్రీల వాలు, ఎత్తు మారకూడదు. వాలినప్పుడు ముక్కు దిగుతుంది, యోక్ కొద్దిగా లాగి పట్టుకోవాలి. ఆ కొద్ది ఎంతో చెయ్యి తానే కనుక్కుంటే వంపు సరిపోయింది. గుంజుకుంటూ, వదులుకుంటూ పోతే మళ్లీ సెట్టింగులు తెరవాలి. ఓపిక ఉంటే అక్కడి నుంచి ఉత్తరాన కాళేశ్వరం దాకా పోయి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు చూసి రావచ్చు. అది పరీక్ష కాదు.

ఇంటి పరికరం మీద ఎగిరిన గంటలు లైసెన్సుకు లెక్కకు రావు. వాణిజ్య పైలట్ కావాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం 200 గంటలు నిజం విమానంలో గడపాలి. హైదరాబాద్ బేగంపేటలో శిక్షణ అకాడమీ ఉంది, దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అక్కడికి పోయే పిల్లలకు ఇల్లు నేర్పే చెడ్డ అలవాటు ఒకటుంది. మీటర్లనే చూస్తూ ఎగరడం. బయటికి చూసి ఎగరడం మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తుందని శిక్షకులు విసుక్కుంటారు. మంచీ లేకపోలేదు. చెక్‌లిస్టు వరస, రేడియోలో మాట్లాడే పద్ధతి, వేగం ఎత్తు దిశ ఒకేసారి మనసులో పెట్టుకోవడం, ఇవి ఇంట్లో వస్తాయి, పెట్రోలు ఖర్చు లేకుండా.

మొదలుపెట్టదలచినవాళ్లు వరసగా చేయాల్సింది ఇది. మొదట రడ్డర్ అడ్డ కర్ర, ఎందుకంటే అందులో తప్పు చేయడానికి చోటు తక్కువ, ఒకే ఇరుసు, ఒకే సెన్సర్. అది మధ్యకు సరిగా వచ్చి నిలిచాక థ్రాటిల్. యోక్ ఆఖరున. అప్పటిదాకా ఏదైనా మామూలు జాయ్‌స్టిక్ కొని వాడుకోండి, తక్కువ ధరవి కూడా దొరుకుతాయి. మీటలు, లైట్లు, ప్యానెళ్లు అన్నీ ఆ తర్వాతే. ప్యానెల్‌తో మొదలుపెట్టినవాళ్ల ఇళ్లలో అది అందంగా గోడకు వేలాడుతుండడం చూశాను, ఎగరడం చూడలేదు. ఇక మామునూరులో దిగేటప్పుడు ఫ్లాపులు 30 డిగ్రీలు, వేగం 65 నాట్లు. రన్‌వే అంచు దాటాక థ్రాటిల్ పూర్తిగా మూసి, చూపు దూరపు చివర మీద పెట్టి, యోక్‌ను ఒక్కసారిగా లాగకండి. విమానం దానికదే దిగబోతుంటే దిగనివ్వకుండా ఆపుతూ ఉండండి.